కంటికానని ప్రాణులు, కడలికెక్కే పులుపు

కెనడా మూడు మహాసముద్రాల నడుమ నెలకొన్న దేశం. తూర్పున అట్లాంటిక్, పడమట పసిఫిక్, ఉత్తరాన ఆర్కిటిక్ దీనికి ఎల్లలు. దీవుల తీరాలను కూడా కలుపుకొని లెక్కిస్తే ఈ దేశపు తీరరేఖ 2,40,000 కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. ప్రపంచంలో మరే దేశానికీ ఇంతటి తీరం లేదు. అయినా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అధికభాగానికి సముద్రం నిత్యజీవితానికి చెందిన వస్తువు కాదు. టొరంటో పరిసరాలలోనో, కాల్గరీ, ఎడ్మంటన్ నగరాలలోనో ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలను చదివించుకుంటూ ఉన్నవారికి సముద్రమంటే వేసవి సెలవులలో చూసి రాదగిన ఒక దృశ్యం. లేదా విశాఖలోనో మచిలీపట్నంలోనో విడిచి వచ్చిన ఒక జ్ఞాపకం.

ఆ సముద్రంలో ఒక మార్పు జరుగుతున్నది. దానికి రంగు లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. గాలిలో పెరిగిన కర్బన ద్విఆక్సైడును పీల్చుకుంటున్న కొద్దీ సముద్రజలాల క్షారగుణం తరిగిపోతున్నది. దీనినే శాస్త్రజ్ఞులు సముద్రాల ఆమ్లీకరణం అంటారు. దాని తాకిడికి ముందుగా గురయ్యేవి కంటికి ఆనీ ఆనని ప్లవకాలు. వాటి వెనుకనే చేపలు, పక్షులు, తిమింగిలాలు, చివరకు మనుషులు వరుసగా నిలిచి ఉన్నారు.

ఈ మార్పును గురించి రసాయన శాస్త్రం చెప్పవలసినదంతా దాదాపుగా చెప్పివేసింది. జీవశాస్త్రం మాత్రం ఇంకా తేల్చి చెప్పలేకపోతున్నది. ఈ రెంటి నడుమ ఉన్న ఎడమే వాయిదాలకు సాకుగా మారింది. 'ఏమవుతుందో స్పష్టంగా తెలిసిన తరువాత చూద్దాం' అనే మాట ప్రభుత్వాల నోట, పరిశ్రమల నోట తరచుగా వినబడుతున్నది. ఆ సాకు చెల్లదని, చెల్లదనడానికి తగిన సాక్ష్యం కెనడా గడ్డమీదనే, ఒంటారియో రాష్ట్రంలోనే ఉన్నదని చూపడం ఈ వ్యాసపు ఉద్దేశ్యం.

గోలీసోడాలోని రసాయనం

గోలీసోడా తాగి ఎరిగిన వారికి ఈ రసాయనం కొత్తది కాదు. చల్లని నీటిలోనికి ఒత్తిడితో కర్బన ద్విఆక్సైడును ఎక్కిస్తే కొంత భాగం నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లమవుతుంది. నాలుకకు తగిలే ఆ చురుకు దానిదే. సముద్రం కూడా మూత తీసిన ఒక పెద్ద సోడాకాయ వంటిది. పైనున్న గాలిలో ఆ వాయువు ఎంత ఎక్కువైతే నీటిలోనికి అంత ఎక్కువగా దిగుతుంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఉండిన ఈ వాయువు నేడు 420 పాళ్ళను దాటింది. మానవుడు ఏటా వెలువరిస్తున్న దానిలో సుమారు నాలుగవ వంతును సముద్రాలే స్వీకరిస్తున్నాయి. సముద్రం ఈ వాయువును ఎంతవరకు పీల్చుకోగలదన్న ప్రశ్నను రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ 1957లోనే పరిశీలించారు. ఆ మరుసటి సంవత్సరమే చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద గాలిలోని పాళ్ళను కొలవడం ప్రారంభించాడు.

నీటిలో దిగిన ఆమ్లం ఉదజని అయాన్లను విడుదల చేస్తుంది. వాటి గాఢతకు కొలమానమే పి.హెచ్. సముద్రపు పైపొరల సగటు పి.హెచ్. పూర్వం 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1 దగ్గర ఉన్నది. చూడడానికి ఇది పదోవంతు తేడా. కాని పి.హెచ్. కొలమానం భూకంపాల కొలమానం వలె గుణకాలతో నడుస్తుంది. ఒక అంకె దిగితే ఉదజని అయాన్లు పదిరెట్లు పెరిగినట్లు. ఆ లెక్కన ఈ పదోవంతు తేడాకు అర్థం ఉదజని అయాన్లు 25 నుండి 30 శాతం వరకు పెరగడం.

పి.హెచ్. 7కు పైనున్న నీరు క్షారమే కదా, సముద్రం ఆమ్లమయ్యేది ఎక్కడ అని కొందరు ఆక్షేపిస్తారు. వైద్యులున్న ఇళ్ళలో ఈ ఆక్షేపణకు సమాధానం సులభంగా దొరుకుతుంది. మనిషి రక్తం పి.హెచ్. 7.4 దగ్గర ఉంటుంది. అది 7.35 కన్న దిగితే వైద్యులు దానిని అసిడోసిస్ అంటారు. రక్తం అప్పటికీ క్షారంగానే ఉన్నదని చెప్పి రోగిని ఇంటికి పంపివేయరు. ఏ శరీరం ఏ మట్టానికి అలవాటు పడినదో ఆ మట్టం నుండి ఎంత జరిగిందన్నదే ముఖ్యం.

అసలు చిక్కు ఇంకొకటి ఉన్నది. అదనంగా పుట్టిన ఉదజని అయాన్లు నీటిలోని కార్బోనేటు అయాన్లతో కలిసి వాటిని బైకార్బనేటుగా మార్చివేస్తాయి. నత్తలు, ఆల్చిప్పలు, పగడాలు తమ గుల్లలు కట్టుకొనేది కాల్షియంతోను, కార్బోనేటుతోను. అందువల్ల ఆమ్లం పెరగడమంటే ఇల్లు కట్టుకొనేవాడికి ఎదుటనే సున్నం కరువు కావడం. కార్బోనేటు మరీ తగ్గితే కట్టిన గుల్ల కూడా కరగడం మొదలుపెడుతుంది. నాపరాతి బండమీద నిమ్మరసం ఒలికితే నునుపు పోయి మచ్చపడడం తెలుగు ఇళ్ళలో అందరూ చూసినదే. నాపరాయి కూడా సున్నపురాయే. సముద్రంలో జరిగేది ఇంత త్వరగా, ఇంత తీవ్రంగా జరగదు. సూత్రం మాత్రం ఒకటే.

బొగ్గు, వజ్రం రెండూ కర్బనమే అయినట్లు కాల్షియం కార్బోనేటుకు కూడా రెండు ముఖ్య రూపాలున్నాయి. ఒకటి కాల్సైటు, రెండవది ఆరగొనైటు. రెండవది త్వరగా కరిగే రకం. ఎవరి గుల్ల ఏ రకానిదన్న దానిమీద ఎవరు ముందు దెబ్బతింటారన్నది కొంతవరకు ఆధారపడుతుంది.

తేలియాడే లోకం

తమంతట తాము ప్రవాహానికి ఎదురీదలేక నీటి వాలున కొట్టుకొనిపోయే జీవులన్నిటికీ కలిపి ప్లవకాలని పేరు. వీటిలో సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకొనేవి వృక్షప్లవకాలు. వాటిని తిని బ్రతికేవి జంతుప్లవకాలు. భూమిమీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగం ఈ వృక్షప్లవకాల వల్లనే జరుగుతున్నదంటే అతిశయోక్తి కాదు.

వృక్షప్లవకాలలో కోకోలితోఫోర్లు కాల్సైటుతో చేసిన సూక్ష్మమైన బిళ్ళలను ఒంటినిండా కవచంగా ధరిస్తాయి. 2016 ఆగస్టులో వాంకూవర్ ఎదుటనున్న జార్జియా జలసంధి ఉన్నట్టుండి పచ్చరాయి రంగుకు తిరిగినప్పుడు దానికి కారణం ఈ జీవులే. డయాటములు సిలికాతో, అంటే గాజును పోలిన పదార్థంతో, పెంకులు కట్టుకుంటాయి. వాటికి సున్నంతో పని లేదు. జంతుప్లవకాలలో టెరోపాడ్లనేవి ఒక చిత్రమైన జాతి. అవి నత్తలే, కాని వాటి పాదం రెక్కలుగా మారింది. నీటిలో ఎగురుతున్నట్లు ఈదే ఈ ప్రాణులను సముద్రపు సీతాకోకచిలుకలని పిలుస్తారు. వీటి గుల్ల ఆరగొనైటుతో చేసినది, అతి పలుచనిది. కెనడా పశ్చిమతీరంలో పుట్టి సముద్రంలోనికి దిగిన గులాబి సాల్మన్ పిల్లలకు ఇవి ముఖ్యమైన ఆహారాలలో ఒకటి.

కెనడా జలాల సంగతి

గోలీసోడా చల్లగా ఉన్నంతసేపే అందులో వాయువు నిలుస్తుంది. అదేవిధంగా చల్లని సముద్రాలు వెచ్చని సముద్రాలకన్న ఎక్కువ కర్బన ద్విఆక్సైడును ఇముడ్చుకుంటాయి. కెనడాను చుట్టిన మూడు సముద్రాలూ చల్లనివే. ఈ దేశం ఈ సమస్యను ఇతరులకన్న ముందుగా ఎదుర్కొనడానికి ఇదొక ప్రధాన కారణం.

పసిఫిక్ విషయంలో మరొక కారణం కూడా ఉన్నది. ఉత్తర పసిఫిక్ లోతులలోని నీరు సముద్రాలన్నిటిలోను పాతది. శతాబ్దాలుగా పైనుండి రాలిన జీవపదార్థం కుళ్ళగా పుట్టిన కర్బన ద్విఆక్సైడు ఆ నీటిలో పేరుకొని ఉన్నది. వేసవిలో గాలుల ప్రభావం వల్ల లోపలి నీరు తీరం వెంబడి పైకి ఎగదన్నుతుంది. 2007లో కెనడా తీరం నుండి మెక్సికో వరకు జరిపిన పరిశోధనయాత్రలో రిచర్డ్ ఫీలీ బృందం ఆరగొనైటును కరిగించగల నీరు ఖండతీరపు అంచుమీదికి ఎగబాకినట్లు కనుగొన్నది. అలా పైకి వచ్చిన నీరు గాలిని చివరిసారి తాకినది సుమారు అర్ధశతాబ్దం క్రితమని ఆ శాస్త్రజ్ఞుల అంచనా. అనగా నేటి నీరు తాతల కాలపు పొగను మోసుకొని వచ్చింది. నేటి పొగను మోసుకొచ్చే నీరు మనుమల కాలంలో పైకి వస్తుంది. ఈ అప్పు అప్పటికే పత్రం వ్రాసి ఇచ్చినది. వాయిదా మాత్రమే మిగిలి ఉన్నది.

2011లో వాషింగ్టన్ నుండి కాలిఫోర్నియా వరకు సేకరించిన టెరోపాడ్లను నీనా బెడ్నార్షెక్ బృందం సూక్ష్మదర్శినిలో పరీక్షించింది. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం తీరానికి దగ్గర పట్టినవాటిలో 53 శాతం, దూరాన పట్టినవాటిలో 24 శాతం గుల్లలు తీవ్రంగా కరిగిన చిహ్నాలతో ఉన్నాయి. వాంకూవర్ దీవి ఎదుటనున్నది కూడా అదే ప్రవాహాల కుటుంబానికి చెందిన నీరే. అంతకుముందు 2007, 2008 ప్రాంతాలలో ఆరెగాన్ తీరాన విస్కీ క్రీక్ హేచరీలో ఆల్చిప్పల పిల్లలు గుంపులు గుంపులుగా మరణించాయి. ఎగదన్నిన నీటిలో కార్బోనేటు తక్కువ కావడమే అందుకు హేతువని 2012లో తేలింది. నెల్లూరు, భీమవరం ప్రాంతాల రొయ్యల హేచరీలను ఎరిగిన తెలుగువారికి ఆ నష్టం ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఆర్కిటిక్ కథ వేరు. 2008లో కెనడా తీరరక్షక నౌక లూయీ ఎస్. సెంట్ లారెంట్ మీద సేకరించిన నమూనాలలో, కెనడా బేసిన్ అనే లోతైన ప్రాంతపు పైనీటిలోనే ఆరగొనైటు నిలువలేని స్థితి కనబడింది. లోతైన మహాసముద్రపు పైపొరలో ఈ స్థితిని గమనించడం అదే మొదటిసారి. మిచియో యామమోటో-కవై, ఫియోనా మెక్‌లాఫ్లిన్, ఎడ్డీ కార్మాక్ మొదలైనవారు 2009లో దీనిని ప్రకటించారు. కరిగిన మంచు నీటిని పలుచబరచడం, మంచుకప్పు తొలగిన నీరు గాలిలోని వాయువును పీల్చడం, రెండూ కలిసి ఈ ఫలితాన్నిచ్చాయి.

తూర్పున సెయింట్ లారెన్స్ నది సముద్రాన్ని కలిసే చోట అడుగునీటి పి.హెచ్. 1930ల తరువాత 0.2 నుండి 0.3 వరకు దిగిందని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన అల్ఫాన్సో మూచ్చి బృందం 2011లో తెలిపింది. అయితే ఇందులో పెద్దపాలు గాలినుండి దిగిన వాయువుది కాదు. ప్రాణవాయువు తగ్గిన ఆ అడుగునీటిలో జీవపదార్థం కుళ్ళడం వల్ల పుట్టినది. ఈ భేదాన్ని దాచకుండా చెప్పడం అవసరం. ప్రతి తరుగుదలను ఒకే దోషికి అంటగడితే వాదం బలపడినట్లు కనబడుతుందే కాని, మరునాడు మరొకరు ఆ లోపాన్ని ఎత్తిచూపినప్పుడు నిజమైన భాగం కూడా సందేహానికి గురవుతుంది.

తేలని లెక్క

ఇంతవరకు చెప్పినది రసాయనం. జీవుల విషయానికి వచ్చేసరికి లెక్క ఇంత సాఫీగా సాగదు. 2000లో ఉల్ఫ్ రీబెసెల్ బృందం కర్బన ద్విఆక్సైడు పెరిగిన నీటిలో కోకోలితోఫోర్లు తక్కువ సున్నం కడుతున్నాయని చూపింది. 2008లో డెబోరా ఇగ్లేసియాస్-రోడ్రిగేజ్ బృందం అదే జాతి జీవులు ఎక్కువ సున్నం కడుతున్నాయని చూపింది. రెండు పరిశోధనలూ ప్రతిష్ఠ గల పత్రికలలోనే వెలువడ్డాయి. జాతిని బట్టి, జాతిలోని శాఖను బట్టి, వెలుతురును, పోషకాలను బట్టి ఫలితం మారుతున్నది. వృక్షప్లవకాలలో కొన్నింటికి అదనపు వాయువు ఎరువువలె ఉపకరించవచ్చు కూడా.

కొందరు ఇక్కడ ఆగి, కొన్ని తగ్గితే కొన్ని పెరుగుతాయి, మొత్తంమీద సముద్రం పచ్చగానే ఉంటుంది కదా అంటారు. కాని పెరిగేది ఏది అన్నది కూడా అడగవలసిన ప్రశ్నే. 1987 చివరలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి నుండి వచ్చిన మస్సెల్ గుల్లలను తిని వందమందికి పైగా అస్వస్థులయ్యారు. కనీసం ముగ్గురు మరణించారు. కొందరు జ్ఞాపకశక్తిని శాశ్వతంగా కోల్పోయారు. హాలిఫాక్స్‌లోని జాతీయ పరిశోధన మండలి రసాయనజ్ఞులు కొద్ది రోజులలోనే ఆ విషం డొమోయిక్ ఆమ్లమని గుర్తించారు. దానిని తయారుచేసినది ఒక డయాటము. ఆ జాతికి చెందిన డయాటములు, పోషకాల కొరత ఉన్నప్పుడు, కర్బన ద్విఆక్సైడు పెరిగిన నీటిలో మరింత విషాన్ని తయారుచేస్తాయని 2011, 2012 సంవత్సరాలలో జరిగిన ప్రయోగాలు చూపాయి. ప్రయోగశాలలో జరిగినదంతా సముద్రంలో జరిగి తీరుతుందని చెప్పడానికి వీలులేదు. కాని మొత్తం పచ్చదనం తగ్గనంత మాత్రాన క్షేమమని భావించడం ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తుంది.

సముద్రం లోగడ ఇంతకన్న ఎక్కువ కర్బన ద్విఆక్సైడును చూసింది కదా అనే వాదం మరొకటి. చూసిన మాట నిజమే. సుమారు 5 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం అటువంటి ఘట్టం ఒకటి జరిగింది. అప్పుడు లోతు సముద్రాల అడుగున సున్నపు మేటలు కరిగిపోయాయి. అడుగున నివసించే ఫొరామినిఫెరా జాతులు పెద్దసంఖ్యలో అంతరించాయి. ఆనాటి వాయువు వేల సంవత్సరాల వ్యవధిలో విడుదలైనది. నేటిది రెండు మూడు శతాబ్దాల పని. కొండల రాళ్ళు అరిగి, ఆ క్షారం నదులద్వారా సముద్రాన్ని చేరి, దాని పులుపును విరిచివేయడానికి వేలాది సంవత్సరాలు పడుతుంది. సముద్రానికి ఔషధం లేకపోలేదు. దానిని అందుకొనే వ్యవధిని మనిషి ఇవ్వడం లేదు.

223వ సరస్సు సాక్ష్యం

జీవుల విషయంలో అనిశ్చయం ఉన్నప్పుడు ఏ వైపు మొగ్గాలి? దీనికి సమాధానం సముద్రానికి ఎంతో దూరంలో, వాయవ్య ఒంటారియోలో, కెనోరా పట్టణానికి చేరువనున్న అడవులలో దొరికింది. అక్కడ కెనడా ప్రభుత్వం 1968లో కొన్ని చిన్న సరస్సులను పరిశోధనకు కేటాయించింది. ఆనాడు కర్మాగారాల గంధకపు పొగ ఆమ్లవర్షమై తూర్పు కెనడా సరస్సులమీద కురుస్తూ ఉండేది. ఆ వర్షం చేపలను చంపుతున్నదా లేదా అని దేశమంతటా వివాదం సాగుతుండగా, డేవిడ్ షిండ్లర్ నాయకత్వాన ఒక బృందం 1976లో 223 అనే సంఖ్యగల సరస్సులో కొద్దికొద్దిగా గంధకామ్లాన్ని కలపడం ప్రారంభించింది. ఎనిమిది సంవత్సరాలలో దాని పి.హెచ్.ను 6.8 నుండి 5.0కు దించి, ప్రతి దశలోను ఏ ప్రాణి ఏమైనదో లెక్క వ్రాసింది.

1985లో ప్రకటించిన ఆ ఫలితాలు ఈనాటికీ చదువదగినవి. సరస్సులో వృక్షప్లవకాల మొత్తం ఉత్పత్తి తగ్గలేదు. పోషకాల చక్రాలు ఆగిపోలేదు. గట్టుమీద నిలబడి చూసిన వారికి ఏ లోపమూ కనబడి ఉండదు. కాని పి.హెచ్. 6 దగ్గరికి వచ్చేసరికే మైసిస్ అనే చిన్న రొయ్య దాదాపు మాయమైపోయింది. ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపకు సంతానం కలగడం ఆగిపోయింది. ఆ తరువాత పెద్దచేప లేక్ ట్రౌట్ వంతు వచ్చింది. అది ఆమ్లానికి చావలేదు; తినే ప్రాణులు కరువై ఆకలికి చిక్కిపోయింది. తల పెద్దదై, ఒడలు పుల్లవలె ఎండిన ఆ చేప ఛాయాచిత్రం ఎన్నో ఉపన్యాసాలకన్న బలంగా పనిచేసింది.

సరస్సు వేరు, సముద్రం వేరు. గంధకామ్లం వేరు, కార్బానిక్ ఆమ్లం వేరు. సరస్సులో దిగినంతగా సముద్రపు పి.హెచ్. దిగదు. ఒక కొలనులో జరిగినదానిని మహాసముద్రానికి యథాతథంగా అన్వయించడం శాస్త్రం కాదు. అయినా ఆ ప్రయోగం నేర్పిన పద్ధతి మాత్రం నిలుస్తుంది. ఆమ్లీకరణం ఒక జీవసమాజాన్ని పైనుండి పడగొట్టదు. నడిమి దూలాలను ఒక్కటొక్కటిగా లాగివేస్తుంది. మొత్తం లెక్కలు బాగున్నట్లే కనబడుతూ ఉండగా లోపలి కూర్పు మారిపోతుంది. పెద్దచేప చిక్కిన నాటికి చిన్నరొయ్య పోయి చాలాకాలమవుతుంది. కనుక పెద్దచేప చిక్కేవరకు నిరీక్షిస్తామనడం జాగ్రత్త అనిపించుకోదు. నీరు కోలుకున్నంతనే ప్రాణులు తిరిగి రావని కూడా ఒంటారియో సరస్సులే చూపాయి. సడ్‌బరీ పరిసరాలలో పి.హెచ్. బాగుపడిన సరస్సులలో సైతం జంతుప్లవకాల పూర్వపు కూర్పు వెంటనే తిరిగి ఏర్పడలేదు.

వాకిలి ఊడ్చుకున్న దేశం

కెనడా వెలువరించే కర్బన ద్విఆక్సైడు ప్రపంచపు మొత్తంలో రెండు శాతం కూడా లేదు. ఈ దేశం తగ్గించుకుంటే ఒరిగేదేమిటన్న ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. ఆమ్లవర్షం నాడు కూడా ఇటువంటి ప్రశ్నే వచ్చింది. తూర్పు కెనడామీద పడిన ఆమ్లంలో సుమారు సగం అమెరికా పొగగొట్టాల నుండి వచ్చినది. అయినా 1985లో కెనడా కేంద్రప్రభుత్వమూ, తూర్పున ఉన్న ఏడు రాష్ట్రాలూ కలిసి తమ గంధకపు పొగను 1994 నాటికి 1980 మట్టంలో సగానికి తగ్గించుకొనడానికి ఒడంబడిక చేసుకున్నాయి. తన వాకిలి తాను ఊడ్చుకున్న తరువాతనే ఈ దేశం పొరుగువాడి తలుపు తట్టింది. 1990లో అమెరికా తన చట్టాన్ని సవరించుకున్నది. 1991 మార్చి 13న ఒట్టావాలో ఉభయదేశాల ఒప్పందం జరిగింది. ఆ తరువాత రెండు దేశాలలోను గంధకపు పొగ విశేషంగా తగ్గింది.

ఆ విజయానికి మూలం చిన్న ప్రాణుల లెక్క. లెక్క వ్రాసేవారు లేకపోతే వాదించడానికి ఆధారమే ఉండేది కాదు. కాని ఓపికతో సాగే కొలతలకు ప్రభుత్వాలు పెట్టే ఖర్చులోనే ముందుగా కోత పడుతుంది. 223వ సరస్సు ఉన్న ఆ పరిశోధన క్షేత్రానికే 2012లో కేంద్రప్రభుత్వం నిధులు నిలిపివేయ నిశ్చయించింది. శాస్త్రజ్ఞులు, పౌరులు ఎలుగెత్తిన మీదట ఒంటారియో, మానిటోబా ప్రభుత్వాలు ముందుకు వచ్చి, 2014లో ఒక స్వచ్ఛంద సంస్థ నిర్వహణను స్వీకరించినందువల్ల అది బ్రతికి బయటపడింది.

సముద్రం మీద ఇటువంటి ఓపికకు ఉత్తమమైన ఉదాహరణ పాపా కేంద్రం. బ్రిటిష్ కొలంబియా తీరానికి దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంలో, 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 145 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే చోట 1949 నుండి వాతావరణ నౌకలు కాపలా ఉండేవి. 1981లో నౌకలను ఉపసంహరించిన తరువాత కూడా సిడ్నీ పట్టణంలోని సముద్రశాస్త్ర సంస్థ తీరం నుండి అక్కడి వరకు ఏటా నౌకాయాత్రలు చేయిస్తూ ఉష్ణోగ్రత, లవణీయత, కర్బనం, ప్లవకాల లెక్కలు వ్రాయిస్తున్నది. 2007లో అమెరికా సముద్రశాస్త్రజ్ఞులు అక్కడ ఒక తేలుడు యంత్రాన్ని లంగరు వేశారు. ఇటువంటి వరుసలో ఒక దశాబ్దం లోపిస్తే ఆ తరువాత ఎంత ధనం వెచ్చించినా దానిని పూరించలేరు.

కొలతలకు ఓపిక లేనివారు చికిత్సలకు తొందరపడతారు. 2012లో హైదా గ్వాయ్ దీవులకు పడమట ఒక సంస్థ సుమారు 100 టన్నుల ఇనుపలవణాన్ని సముద్రంలో కుమ్మరించింది. ప్లవకాలు పెరిగి సాల్మన్‌కు మేలు కలుగుతుందని వారి ఆశ. అంతర్జాతీయంగా ఆక్షేపణలు చెలరేగాయి. ప్లవకాలు పెరిగినా, అవి కుళ్ళినప్పుడు వెలువడే వాయువు లోతునీటి పులుపును పెంచుతుందే కాని తగ్గించదు. చెరువు పి.హెచ్. తగ్గితే కోనసీమ రైతు సున్నం చల్లి సరిచేసుకుంటాడు. సముద్రానికి సున్నం చల్లడాన్ని గురించి కూడా పరిశోధనలు జరుగుతున్నాయి. అవి జరగవలసినవే. కాని చెరువుగట్టుకు గండి పడినప్పుడు ముందుగా పూడ్చవలసినది గండిని. పొగను తగ్గించకుండా సున్నానికి లెక్కలు కట్టడం గండిని వదలి నీళ్ళు తోడడం వంటిది.

రెండు తీరాల బాధ్యత

కెనడాలోని తెలుగువారికి ఈ విషయంలో రెండు తీరాలతో సంబంధం ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలోనే అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఇ. సి. లాఫాండ్ తీరప్రాంతపు నీరు పైకి ఎగదన్నడాన్ని పరిశోధించాడు. ఆ దశాబ్దంలోనే పి. ఎన్. గణపతి, ఆయన సహచరులు వాల్తేరు తీరపు ప్లవకాల లెక్కలు వ్రాశారు. నేడు విశాఖపట్నంలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రం ఆ పనిని కొనసాగిస్తున్నది. అక్కడి వి. వి. ఎస్. ఎస్. శర్మ బృందం 1991 నాటి కొలతలను 2011 నాటి కొలతలతో పోల్చి, బంగాళాఖాతపు వాయవ్య తీరజలాలలో పి.హెచ్. ప్రపంచపు సగటుకన్న వేగంగా దిగిందని 2015లో ప్రకటించింది. నేలమీది నుండి గాలిలో కొట్టుకొనివచ్చే గంధకపు, నత్రజని కాలుష్యాలకు దీనితో సంబంధం ఉన్నట్లు ఆ పరిశోధన సూచించింది. ఒంటారియో సరస్సుల నాటి శత్రువే వేషం మార్చి బంగాళాఖాతంలో ప్రత్యక్షమయ్యాడన్నమాట. ఆ పోలిక సాధ్యమైనది 1991లో ఎవరో శ్రద్ధగా కొలిచి వ్రాసి ఉంచినందువల్లనే.

ప్రవాస తెలుగు కుటుంబాలలో పిల్లల చదువు గురించి జరిగే చర్చలు వైద్యంతోను, కంప్యూటర్లతోను మొదలై అక్కడనే ముగియడం పరిపాటి. నౌక మీద చలిగాలిలో నిలబడి నీటిసీసాలు నింపే చదువును ఏ తల్లిదండ్రులూ కోరి ఎంచుకోరు. కాని ఆ సీసాలలోని నీరే రేపటి మత్స్యకారుల జీవనాన్ని, దేశాల ఒప్పందాలను నిర్ణయిస్తుంది. రసాయనం, గణితం, జీవశాస్త్రం మూడింటినీ కోరే ఈ రంగంలో పిల్లలు ఆసక్తి చూపినప్పుడు పెద్దలు అడ్డురాకుండా ఉండడం ఒక మేలు. పౌరసత్వం పొంది ఓటుహక్కు గలవారు, కొలతల నిధులకు కోత పడినప్పుడు తమ ప్రతినిధికి ఒక లేఖ వ్రాయడం మరొక మేలు. 2012లో పరిశోధన క్షేత్రాన్ని కాపాడిన వాటిలో అటువంటి లేఖలు కూడా ఉన్నాయి.

పూర్వం ఆంధ్రతీరాన గుల్లలను బట్టీలలో కాల్చి సున్నం చేసేవారు. ఆ గుల్లసున్నమే తాంబూలంలోనికీ, ఇంటిగోడలకూ చేరేది. ప్రాణులు తరతరాలుగా నీటినుండి కూడబెట్టిన సొమ్ము అది. నేడు మనిషి పొగ ఆ సొమ్మును మూలంలోనే తరిగించివేస్తున్నది. ఏ ప్రాణి ఎప్పుడు ఎంత నష్టపోతుందో జీవశాస్త్రం తేల్చేలోగా రసాయనం తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. తెలియనిది ఉన్నదని తెలిసినదానిని పక్కన పెట్టడం వివేకం కాదు. పొగను తగ్గించడమూ, కొలతలను ఆపకపోవడమూ ఏకకాలంలో జరగవలసిన పనులు. మొదటిది సముద్రానికి వ్యవధినిస్తుంది. రెండవది ఆ వ్యవధి సరిపోతున్నదో లేదో చెబుతుంది.